వంట అడగని ప్రియుడు

స్టెఫనీ మేయర్ రాసిన ‘ట్విలైట్’ నవల నాకిష్టం. కేథరిన్ హార్డ్‌విక్ దాన్ని సినిమాగా తీస్తే అది ఇంకా ఎక్కువ నచ్చింది. స్త్రీవాద సాహిత్యం చదువుతూ, పాఠం చెబుతూ బతికే మనిషి ఈ రెండు మాటలూ అచ్చులో పెట్టడానికి కాస్త తెగించాలి. 2005లో వచ్చిన ఆ నవలా, దాని వెనకే వచ్చిన మూడు భాగాలూ కలిపి 10 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి కదా, ఇక ఆదరణ లేనిదెక్కడ అని అడగొచ్చు. బజారులో ఆదరణ వేరు, మన సెమినార్ హాళ్లలో ఆదరణ వేరు. టోనీ మారిసన్ నచ్చిందంటే ఎందుకని ఎవరూ అడగరు. ‘ట్విలైట్’ నచ్చిందంటే ముందు నవ్వుతారు, తర్వాత జాలిపడతారు, ఆ తర్వాత “పరిశోధన కోసం చదివావు కదూ?” అని మనకొక దారి చూపిస్తారు. ఆ దారిన తప్పించుకోవడం నాకిష్టం లేదు. నేను దాన్ని సుఖం కోసమే చదివాను. రెండోసారి చదివిందీ అందుకే.

ఆరోపణలన్నీ తెలిసినవే. ఎడ్వర్డ్ అనే ఆ రక్తపిశాచి బెల్లా నిద్రపోతుంటే ఆమెకు తెలియకుండా గదిలోకొచ్చి చూస్తూ కూర్చుంటాడు. మూడో భాగంలో ఆమె తన స్నేహితుడి దగ్గరికి వెళ్లకుండా బండి ఇంజనులో ఒక భాగం ఊడదీస్తాడు. రెండో భాగంలో అతను వదిలేసి వెళితే ఆ పిల్ల నెలల తరబడి జీవచ్ఛవంలా ఉంటుంది. పెళ్లికి ముందు కలయిక లేదు. పద్దెనిమిదేళ్లకే పెళ్లి, వెంటనే గర్భం, ప్రాణం పోతున్నా గర్భం తీయించుకోనని పట్టుదల. రచయిత్రి మార్మన్ మతస్థురాలు కాబట్టి ఇదంతా మతబోధేనన్న వాదన కూడా ఉంది. వీటిలో చాలావాటితో నాకు పేచీ లేదు. ఇలాంటి మగవాడు పక్కవీధిలో ఉంటే ఆ అమ్మాయిని ముందు పోలీసు స్టేషన్‌కు వెళ్లమంటాను (ఆమె తండ్రే ఆ ఊరి పోలీసు అధికారి, అది వేరే సంగతి). నా ఇబ్బంది ఒక్కటే. ఈ జాబితా అంతా చదివాక కూడా అన్ని లక్షలమంది ఆడపిల్లలూ, వాళ్ల తల్లులూ ఆ పుస్తకంలో ఏం దొరికి తెల్లవార్లూ మేలుకున్నారో తెలియదు. వాళ్లకు బుర్ర లేదనే జవాబొక్కటే మిగులుతుంది. ఆ జవాబు చెప్పడానికి స్త్రీవాదం అక్కర్లేదు, పాతకాలపు మామగారు చాలు.

చదవనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. పదిహేడేళ్ల బెల్లా స్వాన్ అరిజోనాలోని ఫీనిక్స్ ఎండల్లోంచి, వాషింగ్టన్ రాష్ట్రంలో ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఫోర్క్స్ అనే చిన్న ఊరికి తండ్రి చార్లీ దగ్గరికి వస్తుంది. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది, కొత్త భర్త వెంట ఊళ్లు తిరగాలనుకుంటోంది, ఆమెకు అడ్డం కాకూడదని బెల్లాయే ఈ ఏర్పాటు చేసుకుంది. బడిలో ఎడ్వర్డ్ కలెన్ కనిపిస్తాడు. 1918లో షికాగోలో స్పానిష్ ఫ్లూతో చావబోతూ వాంపైర్‌గా మారినవాడు, అప్పటినుంచీ పదిహేడో ఏట ఆగిపోయినవాడు. అతని కుటుంబం మనుషుల్ని ముట్టకుండా జంతువుల రక్తంతో సరిపెట్టుకుంటుంది. బెల్లా రక్తపు వాసన మాత్రం అతనికి పిచ్చెక్కిస్తుంది. ప్రేమించాడు, చంపాలనీ ఉంది. ఆమెకు అదంతా తెలుస్తుంది. తెలిశాక కూడా అతనే కావాలంటుంది.

విమర్శకులు ఎక్కువగా పడకగది కిటికీ దగ్గర ఆగిపోయారు. నేను వంటింటి దగ్గర ఆగాను. తండ్రికి గుడ్లూ బేకనూ వేయించడం తప్ప మరేమీ రాదని వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే కనిపెట్టి బెల్లా వంట తన చేతుల్లోకి తీసుకుంటుంది. తిండి ఖర్చుల కోసమని పేరు రాసి అలమరలో పెట్టిన జాడీలోంచి డబ్బు తీసుకుని కిరాణా సరుకులకు వెళ్తుంది. బంగాళాదుంపలు ఓవెన్లో పెట్టి, మాంసం మసాలాలో నానబెట్టి, తండ్రి వచ్చేలోగా పాఠాలు చదువుకుంటుంది. బట్టలుతుకుతుంది. ఫీనిక్స్‌లో కూడా ఆ ఇంటికి పెద్దదిక్కు ఆమెే తప్ప తల్లి కాదు. ఇక బిల్లులు ఎవరు కడతారు, ఫ్రిజ్‌లో తిండి ఎవరు నింపుతారు అన్న దిగులుతోనే ఆ పిల్ల విమానం ఎక్కుతుంది. రక్తపిశాచుల కథకు ఈ వివరాలేవీ అవసరం లేదు. ఏ సంపాదకుడైనా కొట్టేయమనే పేజీలివి. మేయర్ ఉంచింది. ముగ్గురు చిన్నపిల్లల్ని పెట్టుకుని, 2003 జూన్‌లో వచ్చిన ఒక కలతో మొదలుపెట్టి మూడు నెలల్లో ఈ నవల పూర్తి చేసిన మనిషి ఆమె. ఇంటిపని రోజులో ఎంత భాగం తినేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఎడ్వర్డ్‌ని తెచ్చి ఆ వంటింట్లో నిలబెట్టి చూడండి. అతను తినడు. కాఫీ అడగడు, ఉప్పు తక్కువైందనడు, నిన్నటి కూరా అని మొహం చిట్లించడు. నిద్రపోడు కాబట్టి పొద్దున్నే లేపక్కర్లేదు. జ్వరం రాదు, సేవ చేయక్కర్లేదు. పైగా పోర్ట్ ఏంజెలెస్ ఊళ్లో నలుగురు మగవాళ్లు వెంటపడిన రాత్రి ఆమెను హోటల్‌కు తీసుకెళ్లి, తను ఏమీ ముట్టకుండా, పుట్టగొడుగుల రావియోలీ ఆమె తినేదాకా ఎదురుగా కూర్చుంటాడు. మొదటిసారి ఆమెకు తెలిసి ఆమె గదిలో రాత్రి గడిపిన మర్నాడు అతను గుర్తుచేసేది ఆమె పొద్దుటి తిండి సంగతే. తెలుగిళ్లలో “తిన్నావా?” అన్న ప్రశ్న ఎవరు ఎవరిని అడుగుతారో మనకు తెలుసు. అది అడిగి, వడ్డించి, చివర్న మిగిలింది తినేవాళ్లు ఎవరో కూడా తెలుసు. ఆ ప్రశ్న ఒక మగవాడి నోట, అదీ తనకు పళ్లెం అక్కర్లేని మగవాడి నోట వినబడితే ఎంత హాయిగా ఉంటుందో, పదేళ్లప్పటి నుంచే నలుగురికి వండిపెట్టిన ఆడపిల్లను అడిగి తెలుసుకోవాలి. పాలరాతి శిల్పంలాంటి మొహం, వెండిరంగు కారు, ఎండలో మెరిసే ఒళ్లు, ఇవన్నీ నవల పైకి చెప్పే ఆకర్షణలు. నన్ను పడగొట్టింది మాత్రం ఖాళీ పళ్లెం.

జానిస్ రాడ్వే 1984లో ‘రీడింగ్ ద రొమాన్స్’ రాసినప్పుడు అమెరికాలోని ఒక మామూలు ఊరికి స్మిథ్‌టన్ అని మారుపేరు పెట్టి, అక్కడ ప్రేమ నవలలు చదివే ఆడవాళ్లను మాట్లాడించింది. వాళ్లు చెప్పినదాంట్లో నాకు ఎప్పుడూ గుర్తుండేవి రెండు. చదువుతున్న ఆ కాసేపూ తమది, అప్పుడు ఎవరికీ ఏమీ చేసిపెట్టక్కర్లేదు. ఇక ఆ నవలల్లో వాళ్లు వెతికేది తమను కనిపెట్టుకుని ఉండే మనిషిని, ఎందుకంటే ఇంట్లో అందరినీ కనిపెట్టుకుని ఉండేది తామే. ఈ చదువు వాళ్ల జీవితాలను మార్చదేమో, ఉన్నదాన్ని భరించడానికే పనికొస్తుందేమోనన్న అనుమానాన్ని కూడా రాడ్వే దాచలేదు. నాకూ ఆ అనుమానం ఉంది. కాకపోతే ఆమె ముందు అడిగి, విని, తర్వాత అనుమానించింది.

మనం యద్దనపూడి సులోచనారాణి గురించి ఎలా మాట్లాడామో గుర్తు చేసుకోండి. ఆరడుగుల అందగాడు, పొడుగాటి కారు, మేడ, చివర్న పెళ్లి. ‘సెక్రటరీ’ నవల గురించి మాట్లాడాల్సి వస్తే రాజశేఖరం మీద ఒక జోకు వేసి వదిలేయడం మన విమర్శకు అలవాటు. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, బైండు కుట్టించి, ఆ బైండు వీధిలో నాలుగిళ్లు తిరిగి అట్ట ఊడిపోయేదాకా చదివిన ఆడవాళ్లున్నారు. వాళ్లు అందులో చదివింది రాజశేఖరం కారునా, జయంతి ఉద్యోగానికి వెళ్లి అతనికి ఎదురు జవాబు చెప్పడాన్నా? రెండూ కలగలిసిన సుఖమా? 2018లో సులోచనారాణి గారు పోయినప్పుడు నాకు తెలిసిన ఇద్దరు స్త్రీవాద రచయిత్రులు, పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో ఆమెను ఎలా చదివారో ఫోన్లో గంటసేపు చెప్పారు. రాసిమ్మంటే ఇద్దరూ రాయలేదు.

నవల దగ్గరికే వస్తాను. ప్రేమ నవలల మీద టానియా మోడ్లెస్కీ 1982లో ఒక మంచి మాట పట్టుకుంది. నాయకుడు మొదట్లో నాయికను కసురుతాడు, చిన్నబుచ్చుతాడు. చివరికి అదంతా ప్రేమేనని తేలుతుంది. ఈ సూత్రం ముందే తెలిసిన పాఠకురాలు మొదటి పేజీ నుంచీ ఆ కసురును ప్రేమగా చదువుకుంటూ పోతుంది. నా దృష్టిలో మగవాడి మొరటుతనాన్ని భరించడానికి అదొక శిక్షణ. ‘ట్విలైట్’ ఈ సూత్రాన్ని తు.చ. తప్పకుండా మొదలుపెడుతుంది. జీవశాస్త్రం క్లాసులో ఎడ్వర్డ్ ఆమెను అసహ్యంగా చూస్తాడు, పిడికిలి బిగించి ఆ గంటంతా కదలకుండా కూర్చుంటాడు, తనను వేరే క్లాసుకు మార్చమని ఆఫీసులో బతిమాలతాడు. ఆ చూపుకు కారణం తెలిసినప్పుడు మాత్రం సూత్రం తలకిందులవుతుంది. అతను నిజంగానే ఆమెను చంపాలనుకున్నాడు. ఆ సంగతి అతనే చెబుతాడు. నువ్వు కోరుకునే మగవాడి వల్లే నీ ప్రాణానికి ముప్పు రావచ్చునన్నది పాత ప్రేమ నవల కప్పిపెట్టిన విషయం. ఇక్కడ అది బాహాటంగా, పళ్లతో సహా కథలోకి వచ్చి కూర్చుంది. దాన్ని అదుపు చేసుకోవాల్సిన బాధ్యత అతనిది. బెల్లా ఏం బట్టలు వేసుకుంది, అతనితో ఒంటరిగా అడవిలోకి ఎందుకు వెళ్లింది అని నవల అడగదు. మన ఇళ్లలో ఆడపిల్లకు పదేళ్లు రాకముందు నుంచే ఏం చెబుతూ వస్తామో దీని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

అంటే ఎడ్వర్డ్ ఆదర్శపురుషుడని కాదు. కిటికీలోంచి రావడం నాకు ఒళ్లు జలదరించే విషయమే. నేను చెప్పేది కోరిక ఎవరిదన్న దాని గురించి. చూసేది ఆమె. భోజనాల హాల్లో కలెన్ పిల్లల్ని మొదట చూసేది, వాళ్లెవరని అడిగేది, పోల్చుకునేది, నిర్ణయించుకునేది ఆమె. ముద్దు దగ్గర ముందుకు వచ్చేది ఆమె, వెనక్కి తగ్గేది అతను. నాలుగు భాగాల్లోనూ అడిగే పని ఆమెది, వద్దనే పని అతనిది. మతబోధ అంటున్న ఆ బ్రహ్మచర్యాన్ని ఈ వైపు నుంచి చదివితే, వందల పేజీల పాటు ఒక ఆడపిల్ల తన శరీరానికి ఏం కావాలో నోరు తెరిచి చెబుతుంది. అందుకు కథ ఆమెను శిక్షించదు. 1897 నాటి ‘డ్రాకులా’లో లూసీ ముగ్గురినీ పెళ్లి చేసుకోకూడదా అని సరదాగా అనుకున్నందుకే కాబోలు, పిశాచమయ్యాక పెళ్లాడవలసినవాడి చేతే గుండెలో మేకు దిగ్గొట్టించుకుంది. అంతకు పాతికేళ్ల ముందు లెఫాన్యూ రాసిన కథలో ఆడపిల్లను ప్రేమించిన కార్మిల్లాకూ అదే గతి. బెల్లా గుండెలో ఎవరూ మేకు దించలేదు.

మన బేతాళుడికి కూడా ఇంగ్లీషులో వాంపైర్ అనే పేరుంది. రిచర్డ్ బర్టన్ 1870లో బేతాళ కథల్ని తన ఇష్టప్రకారం తిరగరాసి ‘విక్రమ్ అండ్ ద వాంపైర్’ అన్నాడు. ఆ కథల్లో కొన్నిటికి చివర్న వచ్చే ప్రశ్న ఈ పిల్ల ఎవరికి దక్కాలి అని. శవంలో దూరిన బేతాళుడు అడుగుతాడు, శవాన్ని మోసే రాజు జవాబు చెబుతాడు. పిల్లను అడగాలని ఇద్దరికీ తోచదు.

హార్డ్‌విక్ 2008లో తీసిన సినిమాను చాలామంది నవల కన్నా ఎక్కువ వెక్కిరించారు. ఆ నీలిరంగు, ఆ తడబాట్లు, క్లాసులో ఎడ్వర్డ్ వెనక రెక్కలు చాచిన తెల్లగుడ్లగూబ బొమ్మ సరిగ్గా అతని భుజాలకు మొలిచినట్టు కనబడటం. అక్కడ నేనూ నవ్వాను. నవ్వుతూనే వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. హార్డ్‌విక్ అంతకుముందు 2003లో ‘థర్టీన్’ తీసింది. కౌమారంలో ఉన్న ఆడపిల్లకు తన ఒళ్లు తనకే కొత్తగా, ఇబ్బందిగా ఉండటమంటే ఏమిటో తెలిసిన దర్శకురాలు. చేత్తో పట్టుకున్న కెమెరాను మొహాలకు అంత దగ్గరగా తీసుకెళ్లడం, వాక్యం పూర్తి చేయలేని మాటల్ని అలాగే ఉంచేయడం ఆ తెలివిడి వల్లనే. పెదవి కొరుక్కోవడం, రెప్పలల్లార్చడం తప్ప నటన రాదని క్రిస్టెన్ స్టివర్ట్‌ను ఏళ్ల తరబడి ఆడిపోసుకున్నారు. ఆమెకే 2015లో ఫ్రాన్సు సీజర్ అవార్డు వచ్చింది, 2022లో ‘స్పెన్సర్’కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. బెల్లాగా ఆమె చేసింది కూడా నటనేనని అప్పుడైనా ఎవరైనా రాస్తారేమోనని చూశాను.

సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు మళ్లీ వంటింట్లోనే ఉంది. నవలలో బెల్లా మోసిన వంట సినిమాలో దాదాపు మాయమైపోయింది. తండ్రీ కూతుళ్లు ఊళ్లోని చిన్న హోటల్లో ఎదురెదురుగా కూర్చుని తింటారు, ఇద్దరికీ మాటలు రావు, వడ్డించే ఆవిడే మాటలు కలుపుతుంది. ఎడ్వర్డ్ మొదటిసారి తన ఇంటికి తీసుకెళ్లిన రోజు, ఏనాడూ పొయ్యి వెలిగించక్కర్లేని ఆ వాంపైర్ కుటుంబం మొత్తం, మగా ఆడా అందరూ, టీవీలో వంట కార్యక్రమం పెట్టుకుని ఆమె కోసం ఇటలీ వంటలు చేస్తూ ఉంటారు. బెల్లా అన్న పేరు ఇటలీదిలా ఉంది కదా అని. తీరా చూస్తే ఆమె తినేసి వచ్చింది. కోపంతో రోజలీ చేతిలో ఉన్న గాజుగిన్నెను నలిపేస్తుంది. వండిపెట్టాక తినేసి వచ్చానన్న మాట వినడం ఎలా ఉంటుందో తెలిసిన ప్రేక్షకురాళ్లు ఆ గిన్నె పగిలిన చప్పుడుకు ఎటువైపు ఉంటారో చెప్పడం కష్టం. నేను రోజలీ వైపు ఉన్నాను. స్క్రీన్‌ప్లే రాసిన మెలిసా రోసెన్‌బర్గ్, దర్శకురాలు, వీళ్లిద్దరూ మేయర్ పుస్తకంలో ఆ పళ్లెం ఎంత ముఖ్యమో చూసి, కాడి ఇటునుంచి తీసి అటు మోపారని నాకనిపిస్తుంది.

3.7 కోట్ల డాలర్లతో తీసిన ఆ సినిమా మొదటి వారాంతంలోనే అమెరికాలో 7 కోట్ల డాలర్ల దాకా తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన నాలుగింటిలో ఒక్కటీ ఆడమనిషి తీయలేదు. క్రిస్ వైట్జ్, డేవిడ్ స్లేడ్, చివరి రెండూ బిల్ కాండన్. బంగారపు వెలుగు వచ్చింది, హంగులు పెరిగాయి, కుర్రాళ్ల చొక్కాలు పోయాయి. ఆ ఒళ్లు మన కోసం పెట్టిన సరుకులా ఉంటుందే గానీ, బెల్లా పక్కన కూర్చుని ఆమెతో పాటు దొంగచూపు చూస్తున్నట్టు ఉండదు. మొదటి సినిమాలో ముద్దు చిందరవందరగా ఉన్న ఒక ఆడపిల్ల గదిలో, టీషర్టులో, ఏం చేయాలో ఇద్దరికీ సరిగ్గా తెలియకుండా జరుగుతుంది. తర్వాతి సినిమాల్లో అన్నీ అందరికీ తెలుసు.

ఆడవాళ్లు ఆడవాళ్ల కోసం రాసిన ప్రేమ నవల ఒక దర్శకురాలి చేతికి రావడం ఎంత అరుదో తలచుకుంటే నాకు విజయనిర్మల గుర్తొస్తారు. తెలుగులో దర్శకురాలిగా తన మొదటి సినిమాకు 1973లో ఆమె ఎంచుకున్నది యద్దనపూడి ‘మీనా’నే. మీనా వేషం కూడా తనే వేశారు. సీరియల్‌గా వచ్చిన ఆడవాళ్ల నవల, దాన్ని తీసిన నటి, ఈ జోడీ మీద ఒక ఎంఫిల్ చేయమని ఇద్దరు ముగ్గురు విద్యార్థినులకు చెప్పాను. గైడ్లు ఒప్పుకోలేదని వచ్చి చెప్పారు.

వెక్కిరింపుల సంగతి ఎక్కువ రాయను. రక్తపిశాచి ఎండలో కాలి బూడిద కావాలి గానీ మెరవడమేమిటని మగపాఠకులు చాలా ఆగ్రహించారు. స్టోకర్ డ్రాకులా పట్టపగలే లండన్ వీధుల్లో తిరుగుతాడు. ఎండకు చావడమనేది 1922లో ‘నొస్ఫెరాటు’ సినిమా పెట్టిన రివాజు. మేయర్‌కు రాయడం రాదని 2009లో స్టీఫెన్ కింగ్ అన్నాడు. వాక్యం వరకూ చూస్తే నిజమే. ఎడ్వర్డ్ మొహం ఎంత అందమైనదో ఆమె చెప్పినన్నిసార్లు మన ప్రబంధకవులు కూడా చెప్పి ఉండరు. కానీ చేతగాని వాక్యాలతో మగవాళ్లు రాసిన యుద్ధం కథలూ గూఢచారి కథలూ రైలు స్టేషన్లలో గుట్టలుగా అమ్ముడైనప్పుడు అది సంస్కృతికి పట్టిన తెగులుగా ఎవరికీ అనిపించలేదు.

పుస్తకం నన్ను వదిలేసిన చోట్లు నాకు తెలుసు. వాటిలో పెద్దది నాలుగో భాగం, ‘బ్రేకింగ్ డాన్’. అప్పటిదాకా మూడు నవలల పాటు దాదాపు మొత్తం బెల్లా గొంతులోనే విన్నాం. ఆమెకు గర్భం వచ్చి, లోపలి బిడ్డ ఆమె పక్కటెముకలు విరిచేస్తున్నప్పుడు కథ చెప్పే పని జేకబ్‌కు పోతుంది. ఆమె శరీరంలో ఏం జరుగుతోందో ఆ శరీరాన్ని బయటినుంచి చూసే మగపిల్లవాడు మనకు చెబుతాడు. ఆమె మరణించి వాంపైర్‌గా లేచేటప్పుడే గొంతు తిరిగి వస్తుంది. విమర్శకులు గర్భస్రావం రాజకీయాల దగ్గర ఆగారు, అది సరైనదే. నాకు ఇంకా భయం వేసింది గొంతు మారినందుకు. ఈ భాగం గురించి క్లాసులో మాట్లాడినప్పుడు ఏడాది బిడ్డ ఉన్న ఒక విద్యార్థిని, తన కాన్పు ఎలా జరిగిందని వచ్చినవాళ్లంతా తన అత్తగారిని అడిగారనీ, డాక్టరును అడిగారనీ, మంచం మీద ఉన్న తనను ఒక్కరూ అడగలేదనీ చెప్పింది. మేయర్ దాన్ని విమర్శగా రాయలేదు. తెలియకుండానే నిజం రాసింది.

బెల్లాను ఎప్పుడూ ఎవరో ఒకరు కాపాడాలా అన్న ప్రశ్నకు జవాబుగా 2015లో మేయర్ ‘లైఫ్ అండ్ డెత్’ అని మొదటి నవలను తిరగరాసింది. బెల్లా బో అనే కుర్రాడైంది, ఎడ్వర్డ్ ఎడిత్ అయ్యాడు, తల్లిదండ్రులు తప్ప దాదాపు అందరూ తారుమారయ్యారు. ఆడైనా మగైనా కథ ఒకటేనని చూపడం ఆమె ఉద్దేశం. చూపింది వేరు. కుర్రాడి కథ ఆ ఒక్క పుస్తకంలోనే పూర్తవుతుంది. చివర్న అతను వాంపైర్ అయిపోతాడు. అతనికి పెళ్లి షరతు లేదు, గర్భం లేదు, మూడు పుస్తకాల నిరీక్షణ లేదు. ఇక 2020లో ఎడ్వర్డ్ వైపు నుంచి రాసిన ‘మిడ్‌నైట్ సన్’ వచ్చింది. మొదటి అధ్యాయంలోనే అతను క్లాసులో ఉన్న పిల్లలందరినీ ఏ వరసలో చంపాలో లెక్క వేసుకుంటాడు. వందల పేజీల పాటు ఆమెను చూస్తూ, వింటూ, వెంటాడుతూ ఉంటాడు. విమర్శకులు ఇన్నేళ్లూ ఏ పుస్తకం గురించి చెప్పారో ఆ పుస్తకం ఇదే. నేను సగంలో మూసేశాను. అదే కథ, అదే అబ్బాయి. చూపు అతనిదయ్యేసరికి సుఖం పోయింది.

ఇంతదాకా రాసింది బెల్లా మంచిచెడ్డల గురించి. ఆడపిల్లలు చెడిపోతారన్న కంగారులో మనం చూడకుండా వదిలేసినవాళ్లు ఆ నవలలో ఇంకొకరున్నారు. మేయర్ తన కథకు అమెరికాలో బాగా వానపడే చోటు ఏదని ఇంటర్నెట్‌లో వెతికితే ఫోర్క్స్ దొరికింది. దాని పక్కన సముద్రం ఒడ్డున లా పుష్ దొరికింది. అది క్విల్యూట్ ఆదివాసుల ఊరు. తోడేళ్లను ఒక మహిమగల దేవుడు మనుషులుగా మార్చితే తాము పుట్టామన్నది వాళ్ల నిజమైన పుట్టుక కథ. మేయర్ ఆ తెగ పేరును అలాగే ఉంచి, వాళ్ల కుర్రాళ్లను కోపం వస్తే తోడేళ్లుగా మారేవాళ్లను చేసింది. తెల్లవాళ్లయిన కలెన్లు సంయమనం నేర్చినవాళ్లు, తెల్లటి ఇల్లు, పియానో, వైద్యవృత్తి. క్విల్యూట్ కుర్రాళ్లు చొక్కాల్లేనివాళ్లు, ఒళ్లు కాలిపోయేవాళ్లు, అదుపు తప్పేవాళ్లు. వాళ్ల నాయకుడి పక్కన మొహం మీద గాట్లతో ఎమిలీ ఉంటుంది, అతను తోడేలై అదుపు తప్పిన క్షణంలో చేసిన గాట్లు. ఆమె వాళ్లందరికీ వండిపెడుతూ ఉంటుంది. వంట అడగని ప్రియుడి కథలో ఆ వంటంతా చివరికి ఎవరి ఇంటికి చేరిందో చూడండి.

ఆ తెగ పేరుతో నగలూ చొక్కాలూ అమ్ముకున్నారు. 2010లో న్యాయశాస్త్ర అధ్యాపకురాలు ఏంజెలా రైలీ ఈ వ్యాపారంలో ఆ తెగకు ఏమీ దక్కడం లేదని న్యూయార్క్ టైమ్స్‌లో రాసింది. వాళ్లు ఉండేది సముద్రం ఒడ్డున ఒక చదరపు మైలు నేలలో, సునామీ వస్తే మునిగిపోయే చోట. మెరకకు వెళ్లడానికి నేల కోసం దశాబ్దాల పాటు తిరిగితే 2012లో చట్టం చేసి పక్కనున్న నేషనల్ పార్కులోంచి 785 ఎకరాలు ఇచ్చారు. పిల్లల బడి కొండ మీదికి మారింది 2022లో. నేను చదివిన ‘ట్విలైట్’ స్త్రీవాద విమర్శల్లో ఎడ్వర్డ్ కిటికీకి దక్కిన పేజీల్లో పదోవంతు కూడా లా పుష్‌కు దక్కలేదు.

నాకు ఎప్పుడూ నచ్చే ఒక సన్నివేశం మొదటి నవలలోనే ఉంది. ఎడ్వర్డ్ ఎవరో తెలుసుకోవాలని బెల్లాకు పట్టుదల. లా పుష్ తీరంలో చలిమంట దగ్గర తనకన్నా చిన్నవాడైన జేకబ్ కనబడతాడు. అతనికి ఏదో తెలుసని కనిపెట్టి, తనకు చేతకాదని తనే అనుకునే పనికి పూనుకుంటుంది. కావాలనే అతన్ని కవ్విస్తుంది, కనురెప్పల కిందినుంచి చూస్తుంది, పక్కకు నడుద్దామంటుంది. ఎప్పుడూ తడబడే పిల్ల మొదటిసారి తెలివిగా, ధైర్యంగా, కొంచెం సిగ్గు లేకుండా తనకు కావాల్సింది రాబట్టుకుంటుంది. ఆ పేజీలు చదువుతుంటే ప్రతిసారీ నాకు ఉత్సాహం వస్తుంది. ఆమె అక్కడ రాబట్టుకున్నది, బయటివాళ్లకు చెప్పకూడదని జేకబ్‌కు తెలిసిన తన తెగ కథ.